ఒకే మజ్దూరీ

2005లో ఇన్నోవా వచ్చి క్వాలిస్ జాగా తీసుకుంది. మా దిల్‌సుఖ్‌నగర్ ఇంట్లో మాత్రం అబ్బాజాన్ నిశానీగా ఇంకా క్వాలిసే ఉంది. టైమింగ్ బెల్టు మార్చి లక్ష కిలోమీటర్లు నిండాయి.

"ఈ నెల బెల్టు ఒక్కటే మార్పిద్దాం భాయ్‌జాన్, మిగతావి తర్వాత" అన్నాడు తమ్ముడు.

ఎల్‌బీ నగర్ మిస్త్రీ హిసాబ్ వేరు. బెల్టు దాకా చేరాలంటే ఫ్యాను, క్రాంక్ పుల్లీ, కవరు విప్పాలి. అంతా విప్పాక టెన్షనరు, ఆయిల్ సీళ్లు, వాటర్ పంపు చేతికందేంత దూరమే. పాత సీలు కారితే కొత్త బెల్టూ ఖరాబ్. మళ్లీ విప్పితే మళ్లీ మజ్దూరీ.

సామాను ఖర్చు పెరిగింది, నిజమే. కానీ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనే పోతుంది. అర్ధరాత్రి విజయవాడ రోడ్డు మీద, అమ్మీ, పిల్లలు బండిలో ఉండగా ఆ ఇమ్తెహాన్ ఎందుకు? అన్నీ ఒకేసారి మార్పించాం.

మీ ఇంట్లోనూ పాత బండి ఉంటే, విప్పకముందే మిస్త్రీని అడగండి: దీంతోపాటు ఇంకేం మార్చాలి?