ఆరిన దీపం, ఆర్పిన దీపం

ఎయిర్‌బ్యాగును తెలుగులో ఏమనాలి? "గాలిసంచి" అంటే అర్థమవుతుంది గాని, దాని స్వభావం ఆ మాటలో లేదు. అది నిండేది ఒక చిన్న పేలుడుతో. మందు అంటుకున్నాక సుమారు 30 మిల్లీసెకన్లలో, రెప్పపాటు పూర్తికాకముందే, ఉబ్బి నిలబడుతుంది. సీటుబెల్టును బిగించే సాధనమూ అటువంటిదే. బకిలు దగ్గర కొద్దిపాటి మందుగుండు ఉంటుంది. గుద్దుకున్నప్పుడు అది పేలి బెల్టును లాగి పట్టుకుంటుంది. ఇన్ని మందుగుండ్ల నడుమ కూర్చుని మనం నిశ్చింతగా కూరగాయలకు వెళ్ళివస్తుంటాము. మెరుగైన మాట ఎవరికైనా తడితే చెప్పండి. అంతవరకు గాలిసంచి అనే అంటాను.

తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద ఒక దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవడం మీరు గమనించే ఉంటారు. సీట్లో కూర్చున్న మనిషి, ఎదురుగా పెద్ద బంతి, అదీ బొమ్మ. ఆ కాసేపట్లో కంట్రోలు పెట్టె ఒక్కొక్క వలయంలోకీ అతి స్వల్పమైన విద్యుత్తును పంపి నిరోధం కొలుస్తుంది. ఏ రెండు మూడు ఓములో ఉంటే తృప్తిపడుతుంది. తీగ తెగితే నిరోధం హెచ్చుతుంది, రెండు తీగలు కలిసిపోతే తగ్గుతుంది. అప్పుడిక దీపం ఆరదు. లోపం ఉన్నంతసేపూ కొన్ని కార్లలో ఆ ఒక్క వలయం, కొన్నింటిలో మొత్తం వ్యవస్థ పనిచేయడం మానుకుంటుంది. తీగల సంగతి తప్ప దానికి మరేమీ తెలియదు. లోపలి మందు బాగున్నదా, తేమ పట్టి చెడిందా అన్నది దాని విద్యకు అందని విషయం.

కాలిఫోర్నియాలో నాకు తమ్ముడి వరస అయిన కుర్రవాడొకడున్నాడు. తెనాలి వాడు. 2003 నాటి జర్మను కారొకటి ఎవరో వాడినది కొన్నాడు. విల్లోస్ అనే ఊరి దగ్గర థండర్‌హిల్ అని ఒక రేసు బాట ఉంది. 1993లో ప్రారంభమైంది, మూడు మైళ్ళ చుట్టు, 2014లో దాని పక్కనే రెండు మైళ్ళది మరొకటి చేరింది. రుసుము కట్టి, హెల్మెట్టు పెట్టుకుని, కొన్ని దినాలలో ఎవరి కారు వారే అక్కడ తోలుకోవచ్చు. పాత యజమాని ఆ కారును అందుకోసమే మలిచాడు. ముందు రెండువైపులా బకెట్టు సీట్లు, ఆరేసి పట్టీల బెల్టులు, బిగువైన స్ప్రింగులు. వెనక సీటు మాత్రం ఎందుకో పీకకుండా వదిలాడు. కొన్ననాటి నుంచీ ఆ దీపం వెలుగుతూనే ఉంది. "ట్రాకు మీద దాంతో పనేముంది అన్నయ్యా" అని ఏడాదిపాటు ఊరుకున్నవాడు, వాళ్ళమ్మగారి ప్రయాణం ఖాయం కాగానే ఫోను చేశాడు.

"అమ్మ చూస్తే కంగారు పడుతుంది. ఎలాగైనా ఆర్పిపెట్టాలి."

బాగుచేయమనలేదు, ఆర్పమన్నాడు.

ఇంజను కోడ్లు చదివే చవక పరికరాలకు గాలిసంచి సంగతులు సాధారణంగా అందవు. ఆ కారుకు సరిపడేది నా దగ్గర ఉంది గనుక పట్టుకువెళ్ళాను. డ్రైవరు వైపు బెల్టు బిగించే వలయంలో నిరోధం హెచ్చుగా ఉన్నదని వచ్చింది. చెరిపి తాళం తిప్పితే మళ్ళీ అదే. అంటే ఎప్పటిదో పాత జ్ఞాపకం కాదు, ఇప్పుడున్న లోపమే. బ్యాటరీ ఋణధ్రువం విప్పి పావుగంట ఆగాము. కంట్రోలు పెట్టెలోని కెపాసిటరులో విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది; ప్రమాదంలో బ్యాటరీ తెగిపోయినా సంచి పేలడానికి ఆ ఏర్పాటు. మరొక జాగ్రత్త కూడా చెప్పాలి. సంచిని గాని బెల్టు మందును గాని మామూలు ఓమ్ మీటరుతో కొలవకూడదు. మీటరు పంపే కరెంటే దాన్ని పేల్చవచ్చు.

సీటు కింద పసుపుపచ్చ కనెక్టరు కనబడింది. ఈ వ్యవస్థ తీగలకు ఎక్కువ కార్లలో ఆ రంగే. దాని అవతల బకిలు లేదు, బిగించే సాధనమూ లేదు. నల్లటేపు చుట్టిన, బియ్యపుగింజంత రెసిస్టరు ఒకటి ఉంది. అసలు సీటుతోపాటు బకిలు తీసేసి, దాని నిరోధాన్ని మాత్రం అనుకరించే నకలును తగిలించారన్నమాట. ట్రాకు అదురుకు ఆ నకలు కాలు ఒకటి విరిగింది. ఇన్నాళ్ళూ దీపం వెలిగింది అందుకే.

"టంకం పెట్టేయ్ అన్నయ్యా, ఐదు నిమిషాల పని" అన్నాడు. నిజమే, టంకం కడ్డీ నా పెట్టెలోనే ఉంది. నేను రెండోవైపు సీటు కింద దీపం వేసి చూశాను. అక్కడా అదే నల్లటేపు, అదే రెసిస్టరు, కాళ్ళు రెండూ చెక్కుచెదరలేదు. ఆ వైపు నుంచి ఒక్క కోడూ రాలేదు. మనిషి కూర్చున్నదీ లేనిదీ కనిపెట్టే చాపకు కూడా ఒక నకలు తగిలించి ఉంది. అమ్మగారు కూర్చోబోయే సీటు అది.

అతనికి ఆ రెసిస్టరు చూపించాను. మరి టంకం మాట ఎత్తలేదు.

దీపానికి తెలియని మందు సంగతి కూడా చూడవలసి వచ్చింది. టకాటా అనే జపాను సంస్థ గాలిసంచులలో అమ్మోనియం నైట్రేటు వాడింది. ఏళ్ళ తరబడి వేడిలో, తేమలో మగ్గిన ఆ మందు, సంచిని ఉబ్బించడానికి బదులు లోహపు డబ్బానే బద్దలుకొట్టి ముక్కలను మనిషి మీదికి చిమ్మింది. అమెరికాలో సుమారు 6 కోట్ల 70 లక్షల పరికరాలను వెనక్కి పిలిచారు. ఆ సంస్థ 2017లో దివాలా తీసింది. 2000 నుంచి 2006 వరకు వచ్చిన కొన్ని జర్మను కార్లనైతే, మరమ్మతు అయ్యేదాకా నడపనే వద్దని 2023 మే నెలలో హెచ్చరించారు. చెడిన ఆ మందుకు కూడా నిరోధం సరిగానే ఉంటుంది. డాష్‌బోర్డు మీద దీపం చక్కగా ఆరిపోతుంది.

కారు గుర్తింపు సంఖ్య, ఆ పదిహేడు అక్షరాలూ, అమెరికా రహదారి భద్రతా సంస్థ వారి పేజీలో కొట్టి చూశాము. చేయవలసిన మరమ్మతు ఏదీ మిగిలి లేదు. తరువాత డాష్‌బోర్డు అరలోని కాగితాల్లో, గాలిసంచి ఉచితంగా మార్చిన రసీదు దొరికింది. నకలు తగిలించిన ఆ మనిషే ఈ పనీ చేయించుకున్నాడు. అతను ఏ తరహా మనిషో నాకిప్పటికీ అంతుపట్టదు.

అసలు సీట్లను అతను పారెయ్యకుండా కారుతోపాటే ఇచ్చాడట. బకిళ్ళతో సహా గరాజులో దుప్పటి కప్పి ఉన్నాయి. రెండు రెసిస్టర్లూ, చాప నకలూ పీకేశాము. సీటుకు నాలుగేసి బోల్టులు, బెల్టుల అమరిక, కనెక్టర్లు, చివర బ్యాటరీ. కోడ్లు చెరిపి తాళం తిప్పితే దీపం వెలిగి, నాలుగైదు సెకన్లకు ఆరిపోయింది. ట్రాకుకు వెళ్ళే రోజున బకెట్టు సీట్లు వేసుకుంటాడు. అప్పుడు దీపం వెలుగుతుంది, వెలగనిమ్మన్నాను.

అమ్మగారు పోయిన నెలలో వచ్చారు. ఆవిడ కోసమే బిగించిన ముందు సీటును చూపించి కూర్చోమంటే, "నాకు వెనకే హాయిరా నాయనా" అని వెనకెక్కి కూర్చున్నారట.