మాటలు లేని చెలిమి

చెలిమికి మాటలే మూలమని మనలో పెక్కుమంది తలంతురు. క్షేమ మడుగుట, కథలు చెప్పుకొనుట, కలసి నవ్వుట స్నేహమునకు గుర్తులని మన నమ్మకము. జగ్గయ్యపేటలో ఒక పదునాలుగేండ్ల బాలునితో రెండేండ్లుగా ఆదివారములు గడపుచున్న నాకు, మౌనమునందును చెలిమి పెరుగునని తెలిసినది.

ఆ బాలునకు ఆటిజము కలదు. ఇది అంటువ్యాధి కాదు. మెదడు ఎదిగెడి తీరులోని భేదము. 1943లో లియో కానర్ అను వైద్యుడు దీనిని వర్ణించెను. ఈ భేదము గలవారిలో కొందరు ధారాళముగా మాటలాడుదురు. కొందరికి మాటలు రావు. పెద్ద చప్పుళ్లు, తీవ్రమైన వెలుతురు పలువురకు దుస్సహములు. నిత్యక్రమము తప్పినచో కలవరపడుదురు. తల్లి పెంపకపు లోపమే దీనికి కారణమని ఒకప్పుడు వైద్యులు సైతము పలికిరి. అది అసత్యమని తరువాతి పరిశోధనలు తేల్చినవి.

నేను వైద్యుడను గాను, ఉపాధ్యాయుడను గాను. ఆ బాలునకు చెలికాడను మాత్రమే. ఆదివారము సాయంకాలము ఐదు గంటలకు తప్పక వారింటికి పోవుదును. ఇరువురమును ఊరి వెలుపలి బాట వరకు నడచి, సిమెంటు లారీలను, మిరపకాయల బస్తాల లారీలను చూచుచు నిలుతుము. అతడు చక్రములు లెక్కించి, "పది" అనును, "పన్నెండు" అనును. ఒకనాడు లారీ వచ్చినను పలుకక నా వంక చూచెను. నేను లెక్కించి, "పదునాలుగు" అంటిని. నాటినుండి ఒక లారీ అతనిది, మరియొకటి నాది. ఆ వంతు నిర్ణయించినవాడు అతడే.

ఒక పండుగనాడు బజారులో డప్పులు మ్రోగగా, అతడు చెవులు మూసికొని నేలపై కూలబడెను. జనము మూగిరి. "పిచ్చివాడు" అని ఒకడనెను. "రెండు తగిలించిన లేచును" అని వేరొకడనెను. పండ్ల బండి అవ్వ యొక్కతె మాత్రము, "అయ్యా, నేనేమి చేయవలెను?" అని అడిగెను.

"జనమును కొంచెము దూరముగా నిలుపు మవ్వా, చాలును" అంటిని.

ఆమె అట్లే చేసినది. నేను మాటలాడక అతని ప్రక్కన కూర్చుంటిని. డప్పులు దూరమైన పిదప అతడే లేచెను.

ఆ సంగతి విని అతని తల్లి, "అన్నయ్యా, ఇట్టి చూపులకు వెరచియే వీనిని వెలుపలికి పంపుట మానితిమి. మా తరువాత ఈ ఊరిలో వీనిని ఎరిగినవారెవరుందురు?" అని కన్నీరు పెట్టుకొన్నది. ఇప్పుడు ఆ అవ్వ అతనిని పేరుపెట్టి పిలుచును. అతడు ఆమెవంక చూడకయే బండి చక్రములు లెక్కించి, "నాలుగు" అనును. ఆమెకు అదియే పలకరింపు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఆటిజమును గుర్తించినది. చట్టము బడి తలుపు తెరువగలదు. బల్లపై చోటిచ్చి ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలసినవాడు తోటి విద్యార్థియే. బాలలారా! మీ తరగతిలో నట్టివా డుండిన, మీ ఆటకు రమ్మని తొందరపెట్టకుడు. ముందుగా అతడు దేనిని చూచుచున్నాడో మీరును చూడుడు.