సముద్రానికి ఎంత దూరంలో దిగాలి?

మా అనంతపురం పిల్లలకు సముద్రం చూపిస్తామని చెబితే రెండు రాత్రులు నిద్రపోరు. ఎలా పోతారు చెప్పండి! ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మాది. పెన్న, చిత్రావతి అని పుస్తకంలో చదువుకుంటారు గానీ, బస్సు వంతెన మీద పోయేటప్పుడు కిందికి తొంగిచూస్తే ఏడాదిలో ఎక్కువ రోజులు కనబడేది ఇసుకే. 1995-96లో సత్యసాయి ట్రస్టు వారి మంచినీళ్ళ పథకం ఏడు వందలకు పైగా ఊళ్ళకు వచ్చేదాకా మా అత్తగారి ఊర్లో ఆడవాళ్ళకు పొద్దంతా బిందెలతోనే సరిపోయేది. మా ఇంట్లో ఇప్పటికీ బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకే పోతాయి.

ఇలా పెరిగిన పిల్లలకు నీళ్ళంటే ఆశే గానీ భయం తెలియదు. ఈత అంతకన్నా తెలియదు. సముద్రం ఊర్లో హోటలు మాట్లాడుకునేటప్పుడు మా బోటి వాళ్ళు మొదట చూసుకోవలసింది ఇదే. నాకు ఆ సంగతి ఆలస్యంగా, గుండె జారిపోయాక తెలిసింది.

ఆరేళ్ళ కిందటి మాట. ఊరు పేరు, హోటలు పేరు చెప్పను. ఫోటోలో చూస్తే గది తలుపు తీయగానే ఇసుక, ఇసుక దాటితే అలలు. "మంచం మీద పడుకునే సముద్రం చూడొచ్చు" అని మావారు ఎగిరి గంతేసినంత పని చేశారు. నేనూ సరేనన్నాను. రాత్రి పొద్దుపోయి చేరినాము. ప్రయాణపు బడలికలో అందరం ఒళ్ళు తెలియకుండా పడుకున్నాము. తెల్లవారుజామున చల్లగాలి తగిలి మెలకువ వస్తే తలుపు బార్లా తెరిచి ఉంది, నా పక్కన చిన్నోడు లేడు. వాడికప్పుడు నాలుగేళ్ళు. తలుపుకు ఉన్న ఒక్క గడియా వాడి చేతికి అందే ఎత్తులోనే ఉంది!

చెప్పుల్లేకుండా, జుట్టు విరబోసుకుని ఎలా పరుగెత్తానో నాకే తెలియదు. వాడు మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉన్నాడు. పడవ దగ్గర వల సర్దుకుంటున్న పెద్దాయన ఒకాయన వాడి చొక్కా వెనకనుంచి గట్టిగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. చిన్నోడి చేతిలో బాత్‌రూములోని మగ్గు. "నీళ్ళన్నీ ఎనక్కి పోతాండాయమ్మా, పట్టుకుందామని వచ్చినా" అన్నాడు. వాణ్ణి కొట్టాలో ఏడవాలో అర్థం కాలేదు. ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. "వెనక్కి పోయే నీరేనమ్మా మనిషిని లాగేది, వచ్చే అల కాదు" అని మాత్రం చెప్పి తన పని చూసుకున్నాడు. ఆ మాట మా ఇంట్లో పిల్లలందరికీ ఎక్కాల్లాగా వల్లె వేయించాను.

అందుకే అక్కలూ, చెల్లెళ్ళూ, పిల్లలు చిన్నవాళ్ళయితే సముద్రానికి ఎదురుగా ఉండే గది వద్దే వద్దు. ఒక వీధి వెనక, పది నిమిషాలు నడిచే దూరంలో దిగండి. అద్దె కూడా తగ్గుతుంది. ఎప్పుడు పోవాలన్నా పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకుని తీసుకుపోవలసిందే కదా, అదే మనకు కావలసింది. కింది అంతస్తా, పై అంతస్తా అని ఇంట్లో ఎప్పుడూ తగవే. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, కింద గది కావాలంటుంది. నేను మొదటి అంతస్తు అంటాను. లిఫ్టు ఉంటే ఇద్దరి మాటా నెగ్గుతుంది. అయితే పై అంతస్తులో బాల్కనీ చూసుకోవాలి. కటకటాల సందులో పిల్లవాడి తల పట్టేంత ఖాళీ ఉన్నా, పక్కనే ఎక్కి నిలబడడానికి కుర్చీ ఉన్నా ఆ తలుపుకు తాళం వేయించండి.

ఈ సంగతులేవీ ఫోటోల్లో కనబడవు. ఫోను చేసి అడగాలి. "ఫ్యామిలీ హోటలేనా?" అని అడిగితే ఎవరైనా ఔననే అంటారు. తలుపుకు పైగడియ ఉందా, ఈత కొలను చుట్టూ కంచె ఉందా, చిన్నపిల్లల కొలను విడిగా ఉందా, ఎన్ని అడుగుల లోతు, కాపలా మనిషి ఏ వేళప్పుడు ఉంటాడు, ఇట్లా విడివిడిగా అడగండి. తడబడకుండా జవాబు చెప్పేవాళ్ళ దగ్గర దిగండి. కొలనులోకి నైలాను బట్టలుంటేనే రానిస్తామనే చోట్లు చాలా ఉన్నాయి. పిల్లలకు ఊర్లోనే కొనిపెట్టుకుంటే అక్కడ రెండింతలు పోయనక్కర లేదు. మనిషి కాపలా ఉన్నా మన కన్ను మాత్రం తీయకూడదు సుమా.

గది ఏ గంటకు ఇస్తారో కూడా ముందే తేల్చుకోండి. మన లాడ్జీల్లో దిగినప్పటినుంచి 24 గంటల లెక్క ఉండేచోట్లు ఉన్నాయి. టూరిస్టు ఊళ్ళలో మధ్యాహ్నం పన్నెండుకో రెండుకో ఇచ్చి, మర్నాడు పదింటికో పదకొండింటికో ఖాళీ చేయమంటారు. నిద్రకళ్ళతో ఉన్న పిల్లల్ని వేసుకుని కౌంటరు ముందు గంటల తరబడి కూర్చోవడం ఎంత నరకమో పడినవాళ్ళకు తెలుసు.

రెండేళ్ళ కిందట దసరా సెలవులకు ధైర్యం చేసి గోవా పోయినాము. మా వైపు వాళ్ళకు ఇది సుళువైన దారి. గుంతకల్లులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బళ్ళారి, హుబ్బళ్ళి మీదుగా మడ్‌గావ్‌లో దిగవచ్చు. క్యాసిల్ రాక్ దాటాక బండి ఘాట్ దిగుతుంది. సొరంగాలు, అడవి, ఆ మధ్యలో కిటికీ పక్కనే దూద్‌సాగర్ జలపాతం. వానాకాలం అప్పుడే అయిపోవడంతో తెల్లగా, పాలు పొంగినట్టు దూకుతోంది. అత్తమ్మ రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. "ఇన్ని నీళ్ళు ఎవురికీ పనికిరాకుండా పోతాండాయే" అని తర్వాత గంటసేపు బాధపడింది కూడా.

మడ్‌గావ్ నుంచి కొల్వా తీరం ఆరు కిలోమీటర్లు. మేము రోడ్డుకు వెనక సందులో, రాత్రికి రెండు వేల లోపు గది తీసుకున్నాము. నీళ్ళకు పది నిమిషాల నడక. గోవా తీరాల్లో 2008 నుంచి లైఫ్‌గార్డులను పెట్టారు. ఎరుపూ పసుపూ కలిసిన జెండాలు రెండు పాతి ఉంటాయి. ఆ రెండింటి నడుమే దిగాలి. ఒట్టి ఎర్ర జెండా ఎగురుతుంటే దిగకూడదు. పిల్లలకు ఇది ఒక ఆటలాగా నేర్పాము. చిన్నోడైతే జెండా దాటినవాళ్ళందరి మీదా ఈల వేయడం మొదలుపెట్టాడు. ఇసుక మీద జెల్లీ చేపలు పడి ఉంటే ముట్టుకోవద్దని కూడా చెప్పి పెట్టండి. చచ్చినట్టు కనబడినా ఒళ్ళు మండిపోతుంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా అటువైపు సముద్రంలో దిగడానికి ఉండదు. మన కోస్తా వైపు అక్టోబరు, నవంబరు, డిసెంబరు తుఫానుల కాలం. అందుకే దసరాకు గోవా, సంక్రాంతికి మన కోస్తా అని నేను లెక్క వేసుకున్నాను. డిసెంబరు చివరి వారంలో గోవా గదుల అద్దెలు మన చేతికి అందవు. కోస్తా పోదలచుకుంటే గుంటూరు మీదుగా బాపట్ల చేరుకోండి. అక్కడికి సూర్యలంక 9 కిలోమీటర్లు. తీరం మీదే పర్యాటక శాఖ వారి హరిత రిసార్టు ఉంది. నేనైతే బాపట్ల ఊర్లోనే లాడ్జి తీసుకుని ఆటోలో పోయి వస్తాను. (మా చిన్నోడి కథ జరిగింది సూర్యలంకలో కాదు లెండి.)

ఇక తిండి. రెండో రోజుకే మా పిల్లలు "అన్నం, పప్పు" అని మొదలుపెట్టారు. గదిలో వంట చేసుకోనివ్వరు, చేయడం మంచిదీ కాదు. వేడినీళ్ళ కెటిల్ ఉన్న గది అడగండి. జొన్న రొట్టెలు పలచగా తట్టి, గలగలలాడేలా కాల్చి తీసుకుపోతే నాలుగైదు రోజులకూ చెడవు. వాటిలోకి శెనక్కాయల పొడి. విత్తనాలు సన్నసెగ మీద వేయించి పొట్టు తీసి, ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు వేసి బరకగా దంచుకోవాలి. మెత్తగా చేస్తే నూనె వదిలి ముద్ద అయిపోతుంది. ఊరిబిండి మాత్రం తీసుకుపోకండి, మర్నాటికే పులుస్తుంది. బొరుగులు, పప్పులపొడి, వేయించిన శెనక్కాయలు విడివిడిగా కట్టుకుంటే సాయంత్రానికి ఉల్లిపాయ, నిమ్మకాయ తప్ప ఏమీ కొననక్కర లేదు. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు తప్పనిసరి.

నీళ్ళ సంగతి అడగడం మరిచిపోవద్దు. సముద్రం ఒడ్డు ఊళ్ళలో చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదు. తాగే నీళ్ళు గదికి ఇస్తారా, డబ్బాలు కొనుక్కోవాలా అన్నది ఖర్చులో పెద్ద మాటే. మా గదికి మంచినీళ్ళే వచ్చాయి. పిల్లలు షవరు కింద నిలబడి బయటికి రామంటే అత్తమ్మ తలుపు కొట్టి కొట్టి కట్టించింది. మూడో రోజు చూస్తే ఏసీ గొట్టం కింద బకెట్టు పెట్టి ఉంది. ఇసుక కాళ్ళు అందరూ ఆ నీళ్ళతోనే కడుక్కుని లోపలికి రావాలని ఆమె హుకుం. ఊడ్చే అమ్మాయికి గది శుభ్రంగా ఉండడం చూసి ముచ్చటేసింది. ఆ తర్వాత ఆ వరస గదులన్నిటికీ తనే బకెట్లు తెచ్చి పెట్టింది.

రైలు టికెట్లు 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందు మాత్రమే ఇస్తున్నారు. దసరాకు పోదలచుకున్నవాళ్ళు సెలవులు ఎప్పుడో బడిలో కనుక్కుని, ముందు టికెట్లు చూసుకుని, ఆ తర్వాతే గదికి డబ్బు కట్టండి.