సీడీలో ఉన్న ఏరు

మేమిద్దరం కోయవాళ్లం, ఇద్దరం టీచర్లం. కూనవరం దగ్గర పుట్టిన మమ్మల్ని ఉద్యోగాలు గోదావరి వెంట పి.గన్నవరం దాకా తెచ్చాయి. వస్తూ వస్తూ ఒక సీడీ తెచ్చుకున్నాం. ఒకటో తరగతి కోయ పిల్లలకు పాఠం ఎలా చెప్పాలో కొత్తలో మేం రాసుకున్న గైడు, వెనుక ఆరువందల మాటల పట్టిక అందులో ఉన్నాయి. అప్పట్లో పేజ్‌మేకర్‌లో, అను ఫాంటుతో కొట్టించాం.

నిరుడు తెరిస్తే తెలుగు లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, చుక్కలు. పాత ఫాంటు లోపల దాచేది ఆ గుర్తులనే. పైన తలకట్టు, గుడి, ఒత్తు అంటూ తెలుగు ముక్కల బొమ్మలు తొడుగుతుంది. ఫాంటు లేకపోతే తొడుగు ఊడిపోతుంది. యూనికోడ్‌లో అలా కాదు. 1991 నుంచి తెలుగు అక్షరాలకు సొంత సంఖ్యలున్నాయి. 'అ' ఏ ఫోనులోనైనా 3077.

డీటీపీ షాపు తమ్ముడు కన్వర్టర్‌తో మార్చి, చెడిన ఒత్తులు ఓపికగా దిద్దాడు. దిద్దుతూ కోయను కూడా దిద్దేశాడు. కోయలో ఏరు అంటే నీళ్లు. తప్పు పడిందనుకుని 'నీరు' చేశాడు. లోను అంటే ఇల్లు. "ఇదేంటి మాస్టారూ, హౌసింగ్ లోనా?" అన్నాడు. నవ్వాం గానీ, అతను అడక్కుండా మార్చినవి ఎన్నో!

పాత ప్రింటు కాపీ పక్కన పెట్టుకుని చూస్తే అసలు సిగ్గు అప్పుడు పడ్డాం. కొన్ని మాటలు మాకే గుర్తులేవు. మా పిల్లలు కోనసీమ యాసే మాట్లాడతారు. ఇక రోజూ రాత్రి అమ్మకు ఫోన్ చేసి పదేసి మాటలు చదివాం. కొన్నిటికి "అట్లా ఎవరంటారే!" అని నవ్వింది. అవి మేం మొదట్లోనే తప్పు రాసుకున్నవి.

ఇప్పుడు పట్టిక మామూలు టెక్స్ట్ ఫైలు. వరసకో మాట: కోయలో, తెలుగులో, ఏ ఊరి మాట, ఎవరు ఎప్పుడు దిద్దారు. పుస్తకం అందంగా అచ్చేసుకోవడం వేరే పని. పేజీలు స్కాన్ చేసి పీడీఎఫ్ పెడితే చాలదా అని తోటి టీచర్లు అడిగారు. అది ఫొటో, అందులో 'ఏరు'ను దిద్దలేం.

ఇక్కడ వైనతేయ మీద కాలువ నీళ్లు కొత్త అక్విడెక్టుకు మారాయి. కాటన్ కాలం నాటి పాతది పక్కనే ఉంది. మేమూ సీడీ పారేయలేదు.

ఇరవైమూడు మాటల ముందు ప్రశ్న గుర్తు పెట్టాం. అవి చెప్పిన తాత లేడు, అమ్మకు తెలియవు. ఆ ఊరు పోలవరం ముంపు జాబితాలో ఉంది. తాత చెల్లెలు ఇంకా అక్కడే ఉందట. వేసవి సెలవులు ఇవ్వగానే నోటుబుక్కు తీసుకుని బయలుదేరుతున్నాం.