లేహు దారిలో ఒంటినంటు బట్ట

మనాలినుండి లేహునకు మేము దంపతులము మోటారుసైకిలుపై పోయితిమి. 2020లో తెరచిన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగమును దాటి కేలాంగు చేరువరకు ఎండకు చెమట పట్టెను. ఆపైన సుమారు 4,850 మీటర్ల యెత్తుగల బారాలాచా కనుమపై మంచుగాలి కొట్టెను.

అట్టి దారిలో పైకోటుకంటె ఒంటినంటు బట్టయే ముఖ్యము. ఇంట సుఖమిచ్చు నూలుబట్ట చెమటను పీల్చి, తడిసియేయుండి దేహపు వేడిని హరించును. దేహము చల్లబడినచో వ్రేళ్లు కొయ్యబారును. బ్రేకుపై పట్టు తప్పును. సన్నని మెరీనో ఉన్ని తడిసినను కొంత వెచ్చదనము నిలుపును. మేము దానినే తొడిగితిమి.

బట్ట ఒంటికి హత్తుకొనవలెను, బిగియరాదు. కూర్చుండుచోట లావుకుట్టు ఉన్నచో గంటలకొలది ఒరసి పుండగును. కొన్నపిమ్మట ఒకపూట బండిపై తిరిగి పరీక్షింపుడు. రాత్రికి ఒక పొడిజత వేరుగా నుంచుకొనుడు.