చీమలతోడి సంధి

చీమలను గూర్చి పత్రికకు వ్రాయుటకు ఏమియున్నదని మీలో కొందఱు నవ్వవచ్చును. చక్కెరడబ్బాకు మూత బిగించుటయు, నేతిగిన్నెను నీటిపళ్ళెరమున నుంచుటయు మనమందఱము ఎఱిగినవే. నేనును అట్లే తలంచియుంటిని. గడచిన జ్యేష్ఠమాసమున మా పెరటిలో జరిగిన యొక సంగతి నా గర్వమును పోగొట్టెను. నాకు కలిగిన నష్టము మఱియొక యింట కలుగకుండుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది గోదావరి పాయ ప్రక్కనున్న చిన్న గ్రామము. మావారు ఇచటి పాఠశాలలో ఉపాధ్యాయులు. బదిలీయై వచ్చి మూడేండ్లైనది. పెరడు విశాలముగా నుండుటచే నాలుగు నాటుపెట్టలను పెంచుచున్నాము. గ్రుడ్ల వలన వచ్చు సొమ్ము స్వల్పమే యైనను, దానిని మా అమ్మాయి పుస్తకముల కొఱకు వేఱొక డబ్బాలో వేయుచుందుము. అందుచే ఆ కోళ్ళు సర్వమును తనవేయని ఆ పదియేండ్ల పిల్ల నమ్మకము.

వైశాఖమున ఎఱ్ఱపెట్ట పొదుగునకు కూర్చుండెను. గంపలో గడ్డి పఱచి పదునొకండు గ్రుడ్లను దానిక్రింద పెట్టితిమి. అమ్మాయి గోడమీద బొగ్గుతో దినమున కొక గీత గీయుచు 21వ నాటి కొఱకు ఎదురు చూచుచుండెను. ఇరువదవ నాటి సాయంకాలమున పెట్టను చూచి నాకు జాలి కలిగెను. మేతకై లేచుట తప్పునుగదాయని గుప్పెడు నూకలను, కొంచెము తవుడును గంపయంచున చల్లితిని. ఆ రాత్రి తొలకరివాన కురిసెను.

తెల్లవారి చూచునప్పటికి నూకలవఱకు సాగిన ఎఱ్ఱని త్రాడువంటి బారు గంపలోనికి ప్రాకియుండెను. రెండు పిల్లలు పెంకును పగులగొట్టుకొని సగము వెలుపలికి వచ్చి, అట్లే ప్రాణములు విడిచియుండెను. వాని తడి ఱెక్కలపై చీమలు కమ్ముకొనియుండెను. ముక్కుతో పెంకునకు రంధ్రము చేసిన మఱి మూడింటికిని అదే గతి పట్టెను. తల్లి తన కాళ్ళను తాను పొడుచుకొనుచున్నదే కాని గ్రుడ్లను విడిచి లేవలేదు. రెండు గ్రుడ్లు మురిగిపోగా, తుదకు నాలుగు పిల్లలు మాత్రము దక్కినవి.

అమ్మాయి ఆ దినమంతయు మాటలాడలేదు. రాత్రి అన్నము పెట్టుచుండగా, “అమ్మా, గంప దగ్గర నూకలు ఎవరు పోశారే?” అని మెల్లగా అడిగెను. దానికి నేను ఉత్తరము చెప్పలేకపోయితిని.

చలిచీమలకు చిక్కిన పాము సంగతిని చిన్ననాడు శతకమున వల్లించిన దానను. పద్యము నోటికి వచ్చినంతమాత్రమున దాని యర్థము చేతికి రాదుగదా! మఱునాటినుండి చీమలపై యుద్ధము ప్రారంభించితిని. పసుపు చల్లితిని, ఒక పూట ఆగినవి. బూడిదతో గిరి గీసితిని. వాన దానిని తుడిచివేసెను. ఒకనాటి ఉదయమున పెద్ద కాగుతో సలసల మఱగు నీటిని తెచ్చి పుట్టలో పోసితిని. తెల్లని గ్రుడ్లను, పిల్లలను నోట కఱచుకొని చీమలు నలుగడలకు పరుగెత్తసాగెను. తూనీగలను హింసించిన బాల్యదోషమునకు కొఱత ననుభవించిన మాండవ్యుని కథ భారతమున చదివినది జ్ఞప్తికి వచ్చి నా చేయి వణకెను. మూడవనాటికి ఆ చోటికి నాలుగు మూరల దూరమున క్రొత్తపుట్ట లేచెను.

అంతట పొరుగువారొకరు తెల్లని పొడిపొట్లమును తెచ్చి యిచ్చిరి. దానిపై పేరుగాని హెచ్చరికగాని లేకుండుట చూచి మావారు మర్యాదగా త్రిప్పి పంపిరి. పూర్వము ఇంటింట చల్లుచుండిన బి.హెచ్.సి. పొడిని మన దేశమున 1997లో నిషేధించిరనియు, అట్టి విషము నేలలో చిరకాలము నిలిచి, మేతవెంట కోడి కొవ్వునందును గ్రుడ్డునందును చేరుననియు వారు చెప్పిరి. అంగట దొరకు చీమలసుద్దయును పురుగుమందే. గీత కనబడినచో కోడి పొడిచి చూడకమానదు.

తుదకు దారి చూపినది మా వీథి చివరనుండు మామ్మగారు. ఆమెకు అక్షరము రాదు; అరువదియేండ్లుగా కోళ్ళను పెంచుచున్నది. నా కథ అంతయు విని, “పిచ్చిదానా, చీమను చంపి ఎన్నాళ్ళు ఏగుతావు? దానికి కూడు అందకుండా చేస్తే అదే పోతుంది. మీ అత్తగారు జాలీబీరువా కాళ్ళకింద నీళ్ళగిన్నెలు పెట్టలేదూ?” అనెను. నిజమే. మా అత్తగారు ఆ గిన్నెలలో దినదినము నీరు పోయుట నేను కన్నులార చూచినదే. వంటయింటి విద్య పెరటికి పనికివచ్చునని నాకు తోచకపోయెను.

ఆమె చెప్పినదియు, తరువాత మావారు చదివి చెప్పినదియు కలిపి నేను చేయుచున్న ఏర్పాటును మనవి చేసెదను. మా పెరటి ఎఱ్ఱచీమను శాస్త్రజ్ఞులు సొలెనాప్సిస్ జెమినేటా అందురు. అది అమెరికా ఖండమునుండి వచ్చి ఉష్ణదేశములందంతట స్థిరపడినది. దవడలతో పట్టుకొని తోకముల్లుతో పొడుచును. గింజలన్నను నూనెగల మేతయన్నను దానికి ప్రీతి. ఒక చీమ మేతను కనుగొని, మరలునప్పుడు నేలపై వాసనజాడను విడిచిపోవును. ఆ జాడవెంట తక్కినవి బారులు తీరును. కావున జాడను సబ్బునీటితో కడిగివేయుట మొదటి పని.

రెండవది కొలత. పెరిగిన కోడికి దినమునకు 100 మొదలు 120 గ్రాముల మేత చాలును. ఉదయము, సాయంకాలము, అరగంటలో తిని ముగించునంత మాత్రమే పెట్టి, మిగిలినది చీకటి పడకముందే తీసివేయవలెను. కోడి రాత్రివేళ మేత ముట్టదు. వేసవిలో చీమలకు రాత్రియే పని. రాత్రి విడిచిన నూకలు చీమలకు పంపిన పిలుపే యగును.

మూడవది కందకము. మేతతొట్టిని చిన్నబల్లపై నుంచి, బల్ల నాలుగు కాళ్ళను నీటి మూకుళ్ళలో నిలిపితిని. నీటిలో కొంచెము సబ్బు కలిపినచో చీమ తేలి దాటలేదు. కోళ్ళు ఆ నీరు త్రాగకుండ బల్లచెక్క మూకుళ్ళకంటె వెడల్పుగా నుండవలెను. మూడునాళ్ళ కొకసారి నీరు మార్చవలెను. లేనిచో దోమలు పుట్టును, దుమ్ము తెట్టెగట్టి చీమలకు బాట యగును. ఒక్క గడ్డిపోచ ఒరిగి తగిలినను అదియే వానికి సేతువు. తొట్టిని వ్రేలాడదీయువారు తీగెకు ఆముదములో తడిపిన గుడ్డను చుట్టి వారమునకొకసారి మార్చవలెను. తొట్టియంచు కోడి వీపు ఎత్తున నుండిన మేత చిందదు. నిలువమేతను బిగుతైన మూతగల డబ్బాలో ఉంచి, డబ్బాను నీటిపళ్ళెరములో ఇటుకపై నిలుపవలెను. చీమపట్టిన మేతను ఎండలో రేకుపై పలుచగా పఱచిన అవి విడిచిపోవును.

పొదుగుగంప మాట వేఱు. పొదుగు పెట్ట దినమునకొకసారి తానే లేచి మేసి వచ్చును. పుట్టిన పిల్లకు కడుపులోని పచ్చసొన మొదటి దినమునకు చాలును. గంప దగ్గర గింజతో పనియే లేదు. నా జాలి అక్కడ అక్కఱలేని జాలి. ఈ చిన్న సంగతి ముందే తెలిసియుండిన ఆ ఐదు పిల్లలు బ్రదికియుండెడివి.

కార్తికమున అదే పెట్ట మరల కూర్చుండెను. ఈ మాఱు గంప ముక్కాలిపీటపై నున్నది. పీట కాళ్ళు నీటిలో నున్నవి. అమ్మాయి ప్రతిదినము మూకుళ్ళను తానే చూచుకొనెను. తొమ్మిది గ్రుడ్లకు ఎనిమిది పిల్లలు దిగెను. ఆ ప్రొద్దున అది పరుగున వచ్చి నా కొంగు పట్టుకొని పెరటికి లాగుకొనిపోయెను. జ్యేష్ఠమున అడిగిన ప్రశ్నను మరల అడుగలేదు. నేనే గంప ప్రక్కన కూర్చుండి, “ఆనాడు నూకలు పోసింది నేనేనమ్మా” అని చెప్పితిని. “నాకు తెలుసులే అమ్మా” అనెను.

నేడును ప్రాతఃకాలమున వాకిట బియ్యపుపిండితో ముగ్గు పెట్టుచున్నాను. అది చీమలకు ఆహారమని మన పెద్దలు చెప్పుదురు. వాకిటి పిండి వానిది, పెరటి నూకలు కోళ్ళవి. నడుమ నాలుగు మూకుళ్ళ నీరున్నంతవఱకు మా యిరువాగులకును వైరము లేదు.