తాళం తీసిన అలమర

మీరు మన దీవిలో తూర్పు వైపు వెళితే ఫ్లాక్ బజారు దగ్గర దిగండి. ఆదివారం అయితే ఇంకా మంచిది, పెద్ద సంత ఉంటుంది. వేడిగా నాలుగు గాతో పిమా కొనుక్కుని ఇంకో బస్సు ఎక్కండి. దారికి రెండు వైపులా చెరకు తోటలే. వాటి మధ్య నల్ల రాళ్ళ గుట్టలు కనిపిస్తాయి. పొలం బాగుచేయడానికి కూలీలు చేతులతో ఏరి పేర్చిన రాళ్ళు అవి. కొరింగ రేవు పేరు మీద మనల్ని కొరింగీలు అన్న రోజుల్లో, మన ముత్తాతలు కూడా ఆ పని చేశారు.

ఆ తోటలు దాటాక ఒక చిన్న బడి ఉంది. పేరు రాయను. అక్కడ నేను చాలా ఏళ్ళు తెలుగు చెప్పాను. ఈ మధ్య దాని గ్రంథాలయం మారిందని విని చూడటానికి వెళ్ళాను.

నా రోజుల్లో ఆ గది ఎలా ఉండేదో చెప్తాను. ఎత్తైన బీరువాలు కిటికీలకు అడ్డంగా ఉండేవి. పట్టపగలే ట్యూబ్‌లైటు వెలిగేది. తెలుగు పుస్తకాలు ఒక అద్దాల అలమరలో, తాళం వేసి ఉండేవి. ఆ తాళం పెట్టించింది నేనే. ఇండియా నుంచి తెచ్చిన పుస్తకాలు, చిరిగితే మళ్ళీ ఎక్కడ దొరుకుతాయి? అప్పుడు నాకు అదే న్యాయంగా తోచింది.

అలమర తెరిచినప్పుడు ఏం కనిపించిందో ఇప్పటి టీచరమ్మ చెప్పింది. సగం పుస్తకాలకు బూజు పట్టింది. కొన్నింటిని పురుగులు తిన్నాయి. పిల్లల చేతులు పడకుండా దాచాను, కానీ మన దీవి తేమను ఆపలేకపోయాను.

తెలుగునాట గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం 1935లో కాలువల మీద పడవలో గ్రంథాలయం నడిపారు. నీళ్ళ మీద పుస్తకాలు! ఆయన తడికి భయపడలేదు. నేను సిమెంటు గదిలో భయపడ్డాను.

ఇప్పుడు ఆ గదిలోకి రండి. చెప్పులు గుమ్మం దగ్గర విడవండి, లోపల వాకోవా చాపలు పరిచారు. బీరువాలను కిటికీల నుంచి జరిపి, పిల్లల భుజం ఎత్తుకు కోయించారు. చలికాలంలో మన ఎండ ఉత్తరం వైపు నుంచి వస్తుంది కదా, అందుకని ఉత్తరం కిటికీల కింద పిల్లలు కూర్చుంటారు. పుస్తకాలు ఎదుటి గోడకు ఉంటాయి, అట్టల రంగు వెలిసిపోదు. ఒక గోడకు మాత్రమే పసుపు రంగు వేశారు. నాలుగు గోడలకూ వేద్దామని కొందరు అన్నారట. వద్దనడమే మంచిదైంది, కళ్ళు చెదిరేవి.

నాకు బాగా నచ్చింది మాత్రం వాన నీటి గొట్టం. ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువునా కోసి గోడకు బిగించారు. అందులో పుస్తకాల ముఖాలు మనవైపు ఉంటాయి. చదవడం ఇంకా రాని పిల్లలు కూడా బొమ్మ చూసి పుస్తకం తీసుకుంటారు. తుఫాను హెచ్చరిక వస్తే అన్నీ మూత ఉన్న డబ్బాల్లోకి వెళ్తాయి. ఆ పని పెద్ద పిల్లలది.

పసుపు గోడ మీద పిల్లలు ఇంటి నుంచి తెచ్చిన మాటలు అంటిస్తారు. ఒక పాప పాత చందమామ ఇంటికి తీసుకెళ్ళిందట. ఆమె నానమ్మకు చదువు రాదు. కానీ ఒక బొమ్మలో రోస్ కారీని చూసి, "మా అమ్మ దీన్ని సన్నికల్లు అనేది" అందట. ఆ పాప చుట్టూ ఎవరికీ తెలియని మాట అది. పుస్తకం తాళంలోనే ఉంటే ఆ ముసలమ్మ నోట అది వచ్చేది కాదు. ఇప్పుడు "సన్నికల్లు" గోడ మీద ఉంది, వంకర అక్షరాలతో.

నేను ఉండగానే ఆ పాప వచ్చింది. చేతిలో అదే చందమామ, అట్ట ఊడిపోయి ఉంది. నా వైపు భయంగా చూసింది.

"మిస్, టేపు ఉందా?"

ఇద్దరం చాప మీద కూర్చుని అతికించాం. అట్ట కొంచెం పక్కకు పోయింది.